కొండపైన చెవి, కొండకింద సాంబారు

స్టాండు వేసి ఉన్న సైకిలు మీద నుంచి కింద పడిన మనిషిని నేను. మా ఊళ్ళో ఆ ఘనత ఇప్పటికీ నా పేరు మీదే ఉంది, పోటీకి ఎవరూ రాలేదు. అలాంటి నన్ను పట్టుకుని మా అక్క కూతురు సుమతి మొన్న ఆదివారం, "మామా, నీ కాలంలో పనినీ ఇంటినీ ఎట్ల బ్యాలెన్సు చేసినావు?" అని అడిగింది. సుమతి తిరువళ్ళూరులో కాపురముంటూ రోజూ రైల్లో మద్రాసు ఆఫీసుకు పోయివస్తుంది. వాళ్ళ ఆఫీసులో అందరినీ ఒక చల్లటి గదిలో కూర్చోబెట్టారట. టై కట్టుకున్న ఆయనెవరో తెర మీద తక్కెడ బొమ్మ వేసి, ఒక పళ్ళెంలో ఉద్యోగం, ఇంకో పళ్ళెంలో సంసారం పెట్టి, రెండూ సమానంగా తూగాలని భోజనాల వేళ దాకా చెప్పాడట. ఆ సంగతి నాకు చెప్పడానికి తిరుత్తణిలో మా ఇంటికొచ్చి కూర్చున్నప్పుడు కూడా దాని ఒళ్ళో లాప్‌టాప్, చెవిలో ఫోను తీగ, చంకలో బిడ్డ. "తక్కెడ సంగతి నాకు తెలవదు గానీ, ముందు నీకు మూడో చెయ్యి కావాలమ్మే" అన్నాను. అది నవ్వి, చెవిలో తీగ తీసి, బిడ్డ లాగేసిన కమ్మ సర్దుకుంది. ఆ చెవి చూడగానే నాకు నవ్వు ఆగలేదు. ఆ చెవికి, నాకు, ఒక పెద్ద అండా సాంబారుకు మధ్య జరిగిన కథ దానికి ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. చెవి దానిదే అయినా, కథ మాత్రం నాది.

నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాను. లెక్కల అయ్యవారూ నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం: ఆయన నన్ను ప్రశ్నలు అడగకూడదు, నేను ఆయన కంటికి కనబడకూడదు. నేను మాట తప్పలేదు. మా నాయనకు వేరుశనగ, చెరకు తప్ప వేరే లోకం లేదు. నన్ను కూడా ఆ లోకంలోకే లాగాలని చూశాడు గానీ, చెరకు నరకమంటే నేను సగం నరికి సగం నమిలేవాణ్ణి. ఆ రోజుల్లో మా పక్క ఊళ్ళన్నిటికీ పెళ్ళి వంటలు చేసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. అందరూ మేస్త్రి మామ అనేవాళ్ళు. పంచె ఎగ్గట్టి, తలకు తువ్వాలు చుట్టి, దవడలో ఆకూ వక్కా పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని పొయ్యిల మధ్య తిరిగేవాడు. మండపం వాళ్ళతో అరవం, మాతో తెలుగు, పొయ్యితో రెండూ కలిపి మాట్లాడేవాడు. మా నాయన నన్ను తీసుకుపోయి ఆయన ముందు నిలబెట్టి, "వీడికి తినేది తప్ప ఇంకేమీ తెలవదు మేస్త్రీ" అంటే, ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "వండేదానికి అదే మొదటి పాఠం లే, వదిలిపెట్టు" అన్నాడు. అట్లా నా ఉద్యోగం ఖాయమైంది. ఈ కాలంలో పిల్లలు ఎన్ని ఇంటర్వ్యూలకు పోతున్నారో చూస్తుంటే పాపమనిపిస్తుంది.

పెళ్ళి వంటవాడి ఇంట్లో వాళ్ళకు ఉండే కష్టం ఇంకెవరికీ ఉండదు. ఊరంతటికీ ముహూర్తం ఉన్న రోజే మాకు పని, ఊరంతటికీ ముహూర్తం ఉన్న రోజే మా ఇంట్లో కూడా శుభకార్యం. మా నాయన పొద్దున్నే గోడకున్న కేలండరు కాగితం చింపి, కళ్ళ దగ్గర పెట్టుకుని, రాహుకాలం మొదలుకొని, ఏ దిక్కుకు పోకూడదో చెప్పే సూలం దాకా పెద్దగా చదివేవాడు. "రేపు ముహూర్తం నాళు" అని ఆయన అనగానే, పొయ్యి దగ్గర నుంచి మా అమ్మ, "అయితే వీడు లేనట్టే" అనేది. మా చిన్నాన్న కూతురి పెళ్ళినాడు నేను అరక్కోణంలో ఎవరి పెళ్ళికో గుమ్మడికాయలు కోస్తున్నాను. మా సొంత ఇల్లు కట్టుకుని పాలు పొంగించిననాడు, ఆవడిలో ఎవరింట్లోనో పాయసం పొంగిపోకుండా చూస్తున్నాను. పోనీ తీరిక దొరికేది ఎప్పుడంటే ఆడి నెలలో. ఆ నెలలో ఎవరూ పెళ్ళిళ్ళు చెయ్యరు, మా ఇంట్లో వాళ్ళు కూడా ఏమీ చెయ్యరు. నేను నెలంతా అరుగు మీద కూర్చుని, "ఏమన్నా శుభకార్యం ఉంటే చెప్పండప్పా, వస్తా" అని దారిన పోయేవాళ్ళను అడిగేవాణ్ణి.

పని ముగించి ఇంటికొస్తే మా అమ్మ నన్ను నేరుగా లోపలికి రానిచ్చేది కాదు. ఇంగువ, కాగిన నూనె, కట్టెల పొగ, నలిగిన కరివేపాకు అన్నీ కలిసి నా చొక్కాలో కాపురం పెట్టి ఉండేవి. చొక్కా పెరట్లో మునగకొమ్మకు తగిలించి, తొట్టి దగ్గర నాలుగు చెంబులు గుమ్మరించుకున్నాకే గడప తొక్కనిచ్చేది. అప్పుడు రాగి సంగటి ముద్ద, దాని నడుమ గుంట, గుంటలో ఊరిబిండి. వేయించిన వేరుశనక్కాయలూ ఎండుమిరపకాయలూ రోట్లో కచ్చాపచ్చాగా నూరిన ఆ వాసన తగిలితే, రెండు రోజులుగా చచ్చిపడి ఉన్న నా ముక్కు లేచి కూర్చునేది. వందల మందికి విందు వండిన చేతులకు ఆ ముద్దే విందు. నేను తింటుంటే మా అమ్మ ఎదురుగా కూర్చుని ఇంటి విశేషాలన్నీ చెప్పేది. మా ఇంట్లో జరిగిన పెళ్ళిళ్ళన్నీ నేను అట్లా సంగటి ముద్దల మధ్య విన్నవే.

మేస్త్రి మామ జట్టులో రెండు కట్టుబాట్లు ఉండేవి. మొదటిది, ఉప్పు వేసే చెయ్యి ఒక్కటే ఉండాలి. తరిగేవాడు ఎవడైనా, కలిపేవాడు ఎవడైనా, ఉప్పు మాత్రం ఒక్కడే వెయ్యాలి. మిగతావాళ్ళు ఉప్పుకుండ దిక్కు కూడా పోకూడదు. అంతకు మునుపెప్పుడో, ఒకడు వేశాడో లేదో అని ఇంకొకడు, వాడు మరిచాడేమో అని మూడోవాడు వేసి, మగపెళ్ళివాళ్ళు మధ్యాహ్నమంతా బావి దగ్గరే కాపురం పెట్టారట. రెండోది, మొదటి ఆకు దేవుడికి పెట్టి, బంతులన్నీ ముగిసేదాకా వంట మా నాలుకకు తగలకూడదు. మేస్త్రి మామ ఆవిరిలో ముక్కు పెట్టి చూసేవాడు. ముక్కుకు చింతపండు పచ్చివాసన తెలుస్తుంది, ఇంగువ తెలుస్తుంది, అడుగంటితే తెలుస్తుంది. ఉప్పు తెలియదు. కాబట్టి ఉప్పు పడిందా లేదా అన్నది, వేసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలిసే దారి లేదు. కొన్నేళ్ళకు ఆ ఉప్పు చెయ్యి నాకు వచ్చింది. "వీడికి లెక్కలు రావు, అందుకే చెయ్యి సరిగ్గా పడతాది" అని మేస్త్రి మామ అందరి ముందూ ప్రకటించాడు. లెక్కల అయ్యవారు అది వినడానికి లేకపోయారు.

ఇక మా వసంతక్క సంగతి. అక్కను పూండి దగ్గరి ఊరికి ఇచ్చాం. బావ ఆవడిలో ఫ్యాక్టరీకి పోయేవాడు, నెమ్మదైన మనిషి. అత్తగారు రాజమ్మ మాత్రం నెమ్మది అనే మాట పుట్టకముందే పుట్టిన మనిషి. వాళ్ళకు సుమతి పుట్టింది. మా వైపు బిడ్డకు గుండు కొట్టించి చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒళ్ళోనే కూర్చోబెట్టాలి. ఆ ఒడి ఉంటే ఆడబిడ్డకు పుట్టిల్లు గట్టిగా ఉన్నట్టు. అక్కకు అన్నదమ్ములంటే నేనొక్కణ్ణే. మొదటిసారి నాళు పెట్టారు, నేను పెళ్ళి వంటలో ఇరుక్కున్నాను. రెండోసారి పెట్టారు, మళ్ళీ ముహూర్తమే, మళ్ళీ వంటే. పిల్ల పరుగెత్తే వయసుకొచ్చింది, జుట్టు భుజాల మీద పడుతోంది, చెవులు మాత్రం బోసిగా ఉన్నాయి. మూడోసారి తిరుత్తణి కొండ మీదే అని నాళు పెట్టి, రాజమ్మత్త మా ఇంటికి స్వయంగా వచ్చి, అరుగు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"ఇదిగో, మీ వాడు వస్తే సరి. రాకపోతే మా తమ్ముణ్ణి కూసోబెట్టి, వాడి ఒళ్ళో కుట్టిచ్చేస్తా. ఆ పొద్దు నుంచి మా కోడలు పుట్టింటి మాట మా ఇంట్లో ఎత్తకూడదు. అంతే."

మా అమ్మ ఇవ్వబోయిన మజ్జిగ చెంబు అరుగు మీద పెట్టేసింది. అక్క అత్త వెనకే ఉంది, తల ఎత్తలేదు. పోయేటప్పుడు నా దగ్గరికొచ్చి, "రేయ్ దొరసామీ, నన్ను నవ్వులపాలు చెయ్యొద్దురా" అని మాత్రం అంది.

ఆ నాటికి కూడా మేస్త్రి మామ ఒక పెళ్ళి ఒప్పుకునే ఉన్నాడు. అయితే ఈసారి పెళ్ళి తిరుత్తణిలోనే, కొండ కిందే ఉన్న మండపంలో. స్వామి నా మీద దయతలచాడనుకున్నాను. పైన చెవి, కింద వంట, నడుమ మెట్లు. కానీ పొయ్యి వెలిగించాక చివరి ఆకు ఎత్తేదాకా జట్టులో ఎవరూ కదలకూడదు. పొద్దున టిఫిన్లు అయిపోయి, సాంబారు అండా పొయ్యి మీద ఉడుకుతున్నప్పుడు, పచ్చడి గిన్నె తుడిచిందే తుడుస్తూ మేస్త్రి మామ దగ్గరికి పోయాను.

"మామా, ఒక గంట కొండమీదికి పొయ్యొస్తా."

"ఎందుకు? స్వామికి సాంబారు రుచి చూపిస్తావా?"

"అక్క బిడ్డకు చెవులు కుట్టేది ఉండాది మామా."

ఆయన దవడలో ఆకు నమలడం ఆపాడు. "ఎవురి ఒళ్ళో?"

"నా ఒళ్ళోనే."

ఆయన పొయ్యిలోకి కట్టె ఒకటి ఎగదోశాడు. తరవాత తలగుడ్డ విప్పి, మళ్ళీ చుట్టుకుంటూ, "నాకు అక్కచెల్లెళ్ళు చానామంది రా. ఒక్క బిడ్డ కూడా నా ఒళ్ళో కూసోలా. అందురి చెవులూ నేను యాడో వంట చేస్తా ఉన్నప్పుడే కుట్టేసినారు" అన్నాడు. మళ్ళీ గొంతు మార్చి, "ఉప్పేసి పో. బంతి కూసునే లోపల ఈడ ఉండాల. పో సీక్కిరం" అని అరిచాడు. నేను ఎటు పరుగెత్తానో నాకే తెలియదు.

కొండ మీద ఆ రోజు మనుషులే మనుషులు. ముహూర్తం నాళు కదా, ఎక్కడ చూసినా చందనం పూసిన గుండ్లే, చిన్నవీ పెద్దవీ, ఎండకు మెరుస్తున్నాయి. మా వాళ్ళను వెతికి పట్టుకునేసరికి నా ఒంటి మీది ఇంగువ నాకన్నా ముందు అక్కను పలకరించింది. అక్క నన్ను చూసి ఏడవబోయి, అత్తను చూసి ఆపుకుంది. రాజమ్మత్త పక్కనే ఆమె తమ్ముడు తెల్లపంచె కట్టుకుని, ఒడి సిద్ధం చేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన మొహంలో నాకన్నా పెద్ద నిమ్మళం కనిపించింది. పిల్లకు ఆయన మీసాలంటే పడదని తరవాత తెలిసింది. సుమతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గుండు కొట్టినంతసేపూ అది అరటిపండు తింటూ ఊరుకుంది. ఆ తరవాత కంసాలి ఆచారి పెట్టె తెరిచి, బంగారు తీగ తీసి, ఒక చెవి పట్టుకుని టక్కున గుచ్చాడు. పిల్ల పెట్టిన కేకకు పక్కన గుండు కొట్టించుకుంటున్న వాళ్ళెవరో కూడా తల తడుముకున్నారు.

నేను దాన్ని గట్టిగా పట్టుకుని బుగ్గ మీద ముద్దు పెట్టాను. దాని కన్నీళ్ళు నా పెదాలకు తగిలాయి. ఉప్పగా. అంతే, నా గుండె జారి కొండ కిందికి పోయింది. సాంబారులో ఉప్పు వేశానా? రసంలో వేశాను, గుర్తుంది. గుమ్మడికాయ కూటులో వేశాను, అదీ గుర్తుంది. సాంబారు అండా ముందు నిలబడింది గుర్తుంది. దోసిట్లో ఉప్పు గుర్తు లేదు. నేను వెయ్యకపోతే ఇంకెవరూ వెయ్యరు, ఇంకెవరూ రుచి చూడరు, మొదటి బంతిలో మగపెళ్ళివాళ్ళ పెద్దలంతా కూర్చుంటారు.

"అక్కా," అన్నాను మెల్లగా, "సాంబారులో ఉప్పేసినానా?"

"నన్నడిగితే? నేనేమన్నా మీ పొయ్యి కాడ ఉన్నానా?"

"ఏమంట?" అంది రాజమ్మత్త.

"ఉప్పేసినానో లేదో అని ఎదారు పడతా ఉండాడు అత్తా."

"పొమ్మను. ఇంకో చెవి వచ్చే ముహూర్తానికి కుట్టిచ్చుకుంటాం. అంతదాకా ఒక చెవితో ఈయన వంటకాల గురించి వింటాదిలే మా పిల్ల."

అక్క నా మొహం చూడలేదు. తన కొంగు కొస ముడివేస్తూ విప్పుతూ ఉంది. పోయి ఉప్పు వేస్తే మేస్త్రి మామ పరువు నిలుస్తుంది, ఉంటే అక్క పరువు నిలుస్తుంది. ఆ క్షణంలో నేను ఏమీ ఆలోచించలేదు, నాకు ఆలోచన ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే వస్తుంది. పిల్ల నా చొక్కా బొత్తాం పట్టుకుని ఉంది, నేను లేవాలంటే బొత్తాం తెగాలి. కూర్చుండిపోయాను. కానీ సుమతి రెండో చెవి చేత్తో మూసేసుకుని, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఆచారి బతిమాలాడు, బావ బతిమాలాడు, మీసాల మామ దూరం నుంచే బతిమాలాడు. చివరికి నేనే, "ఆచారీ, ముందు నాకు కుట్టవయ్యా, ఈయమ్మకు ఎట్ల కుట్టాలో తెలవాల కదా" అని నా చెవి ముందుకు పెట్టాను. ఆయన కూడా కొంటెవాడే, తీగ నా చెవికి ఆనించాడు. నేను ఆడి కిరుత్తిగ పండక్కి కావడి మోసేవాడి మాదిరి ఒళ్ళంతా ఊపి, నాలుక బయటపెట్టి కేకపెట్టాను. పిల్ల నవ్వింది. నవ్వుకు చెయ్యి జారింది. ఆచారి తన పని కానిచ్చేశాడు. అక్క అప్పుడు తలెత్తి నన్ను చూసిన చూపు ఉంది చూడండి, దాన్ని నేను ఇప్పటికీ ఎవరికీ ఇవ్వను.

మెట్లు నేను దిగలేదు, దొర్లాను అనుకోవచ్చు. మండపంలోకి దూరేసరికి మొదటి బంతి సగంలో ఉంది. సాంబారు వడ్డించేశారు. తలుపు పక్కన నిలబడి ఒక్కొక్కరి మొహం చూశాను. మొదటి ఆయన తింటున్నాడు. రెండో ఆయన తింటున్నాడు. మూలన కూర్చున్న పెద్దాయన ఒకరు చెయ్యి ఎత్తారు, నేను తలుపు చాటుకు జరిగాను. "ఇంకొంచెం సాంబార్ ఊత్తుప్పా" అని అరవంలో ఇంకొంచెం పొయ్యమన్నారు. నేను అక్కడే కూలబడ్డాను. మేస్త్రి మామ చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"కుట్టినారా?"

"రెండు చెవులూ కుట్టినారు మామా. నేను ఉప్పేసినానా?"

"లేదు."

"మరి?"

"నువ్వు పోకముందు నుంచే నీ మనసు ఈడ లేదు. నాకు అనుమానం వచ్చింది. దేవుడి ఆకు పెందలాడే పెట్టేసి, ఆ ఆకు మండపం వాచ్‌మన్‌కు ఇచ్చినా. మన నాలిక తగలకూడదు గానీ వాడి నాలిక తగలకూడదని యాడుండాది? ఉప్పే లేదన్నాడు. నేనే వేసినా." అని, "ఇన్నేండ్లూ ఈ పని నాకు తోచలా. తోచింటే నేను కూడా పొయ్యుండొచ్చు" అన్నాడు.

ఆ తరవాత ఆయన జట్టులో ఎవరింట్లో చెవులు కుట్టినా, ఎవరు సీమంతం పెట్టుకున్నా, వాణ్ణి పంపించేసి, రుచి చూసేదానికి వాచ్‌మన్‌ను పిలిచేవాడు. ఆ వాచ్‌మన్ కొన్నాళ్ళకు మాకన్నా పెద్ద వంటవాడి మాదిరి వంకలు పెట్టడం మొదలుపెట్టాడనుకోండి, అది వేరే సంగతి. నేను కూడా మా ఇంటి పెళ్ళిళ్ళను సంగటి ముద్దల మధ్య వినడం మాని, కళ్ళతో చూడటం నేర్చుకున్నాను. ఇప్పుడు వంటవాళ్ళకు తలకు టోపీలు, చేతులకు తొడుగులు. ఎవరు పడితే వాళ్ళు చెంచాతో రుచి చూస్తారు, ఉప్పు చాలకపోతే ఫోనులో చెప్పుకుంటారు. మంచిదే. కానీ ఆ రోజు నా దగ్గర ఫోను ఉండి ఉంటే, నా ఒళ్ళో పిల్ల చెవి, నా చెవిలో అండా ఉండేవి. అది లేకపోబట్టే గదా, నేను కొండ మీద మొత్తంగా ఉన్నాను. నేను లేకపోయినా కింద పెళ్ళి జరిగింది. సుమతికి ఇదే చెప్పాను. అది లాప్‌టాప్ మూసి, "నేను ఒక పూట లీవు పెడితే ఆఫీసు కూలిపోతాదని భయం మామా నాకు" అంది. "కూలిపోతే పోనీ, ఆడ కూడా ఒక వాచ్‌మన్ ఉంటాడు లే" అన్నాను. అప్పుడు అది అడిగింది, "అదంతా సరే, మా అవ్వ ఏమనింది?" అని.

అవ్వ ఏమంటుంది? ఆ మధ్యాహ్నం బంతులన్నీ అయ్యాక, కారియరు నిండా పెళ్ళి భోజనం కట్టుకుని, వాళ్ళు దిగిన చత్రానికి పోయాను. రాజమ్మత్త ఆకు ముందు కూర్చుని సాంబారు కలుపుకుంది. ఒక ముద్ద తింది, రెండో ముద్ద తింది. నాకు ఆగలేదు. "ఉప్పు ఎట్ల ఉండాది అత్తా?" అన్నాను.

"సరిగ్గా ఉండాది. నువ్వే వేసినావా?"

"లేదత్తా. మరిచిపోయినా. నేను లేనప్పుడు మేస్త్రి మామ వేసినాడు."

ఆమె మూడో ముద్ద కూడా నింపాదిగా తిని, వేళ్ళు నాకి, ఆకులో ఇంకొంచెం పొయ్యమని చూపించి అంది: "నువ్వు లేకపోతేనే సాంబారు ఇంత బాగుంటాదని ముందే చెప్పుండకూడదా దొరసామీ? ఇన్నాళ్ళూ ఆడ పెళ్ళోళ్ళ నోళ్ళు చెడగొట్టినావు, ఈడ మా పిల్ల చెవులు బోసిగా పెట్టినావు."